సగంలో తెగిన ఫోన్లు

“సగానికి పైగా ఫోన్లు మధ్యలోనే తెగిపోయాయి. ఈ లెక్క చూసి శరణాలయం కట్టమంటారా, ప్రొఫెసరమ్మా?”

డెల్బర్ట్ రైమర్ నివేదికను బల్ల మీద పడేశాడు. ఊళ్ళో ట్రాక్టర్ల దుకాణాన్నీ, శాసనసభలో ఈ ఉపసంఘాన్నీ ఆయన ఒకే గొంతుతో నడుపుతాడు. ఎదురుగా కూర్చున్న నోరీన్ కోవల్ యూనివర్సిటీ తరఫున ఇళ్ళలోని ఆడవాళ్ళకు ఫోన్లు చేసి ఆ సర్వే చేయించింది. మొగుళ్ళ చేతుల్లో దెబ్బలు తిని ఇల్లు వదిలే ఆడవాళ్ళకు రాష్ట్రం ఉత్తరపు కొసనున్న పల్లెల్లో తలదాచుకునే చోటు లేదు. అర్ధరాత్రి బయటపడితే, దగ్గరి శరణాలయానికి మంచులో ఐదారు గంటల ప్రయాణం. సభ్యులు చెరిసగం అయ్యారు. ఇక తూకం రైమర్ ఓటుదే.

“సగం ఫోన్లు ఎందుకు తెగాయో కారణముంది. కెమెరా ఆపితే చెప్తాను” అంది నోరీన్.

“జనం సొమ్ముతో బేరం, జనం చూడకుండానా?” అన్నాడు రైమర్. ఒకరిద్దరు సభ్యులు నవ్వారు.

నోరీన్ నివేదికను తనవైపు లాక్కుంది. ఆ కెమెరా ముందు ఏం చెప్పినా టీవీలో ప్రతి ఇంటి ముందుగదిలోకీ పోతుంది. పక్కన కూర్చున్న మార్జ్ పళ్ళు కొరికింది. టెలిఫోన్ కంపెనీలో రిటైరై వచ్చి, ఈ సర్వే ఫోన్లన్నీ దగ్గరుండి చేయించిన మనిషి ఆమె.

“కాఫీకి లేద్దాం. వచ్చాక ఓటు” అన్నాడు రైమర్.

వరండాలో ఆయనే రెండు కప్పులతో నోరీన్ దగ్గరికి వచ్చాడు. ఒంటరిగా దొరికితే మంచి మాటకారి.

“నా మీద కోపం పెట్టుకోకమ్మా. పాతికేళ్ళుగా యంత్రాలమ్ముతున్నా. ఎందుకు ఆగిందో చెప్పగలిగితే, ఆగిపోయిన బండినైనా కొంటాను. ఇక్కడ కెమెరా లేదు. ఆ కారణం చెప్పు, నా ఓటు నీదే.”

నోరీన్‌కు ప్రాణం లేచొచ్చింది. ఒక్క మాటకు ఒక శరణాలయం. ఇంతకంటే లాభసాటి బేరం ఏముంటుంది? కప్పు కిటికీ గట్టు మీద పెట్టి చెప్పబోయింది.

“ఆగాగు, ముందు నా మాట విను, నవ్వుకుంటావు” అన్నాడు రైమర్. “మీ ఫోను మా ఇంటికీ వచ్చింది. కళ్ళజోడు మర్చిపోయి పగటిపూట పెరటి తలుపులోంచి వెళ్ళాను. మా ఆవిడ ఎల్వీరా ఫోన్లో గోడవైపు తిరిగి గుసగుసగా మాట్లాడుతోంది. నన్ను చూసిందో లేదో, ‘మాకు కార్పెట్లు కడిగించే పని లేదండీ’ అని ఠక్కున పెట్టేసింది. ఆ నంబరుకి నేనే తిరిగి చేస్తే, యూనివర్సిటీ సర్వే అన్నారు! మీ ప్రశ్నలు పడలేక పాపం, నోటికొచ్చింది చెప్పి తప్పించుకుంది. అసలు మా ఇంట్లో కార్పెట్లెక్కడివి? అంతా చెక్క నేలే!”

ఆయన భుజాలు ఎగరేసి నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది.

“మా ఆవిడకు నా దగ్గర అబద్ధమాడే అలవాటు లేదు. అదొక్కటే నాకు అంతుపట్టలేదు. సరే, చెప్పు. ఎందుకు తెగాయి ఆ ఫోన్లు?”

కాఫీ ఆవిరి కిటికీ అద్దానికి పట్టింది. తక్కెడలో ఒకవైపు ఆ ఉత్తరపు పల్లెలన్నీ, ఇంకోవైపు తను ఎన్నడూ చూడని ఒక్క ఎల్వీరా. నోరీన్ అద్దం మీది ఆవిరిని వేలితో తుడిచింది.

“మంచుకాలం కదండీ” అంది చివరికి. “లైన్లు బాగాలేవు.”

“అంతేనా?”

“అంతే.”

“ఇంతదానికి కెమెరా ఆపమన్నావా!” రైమర్ తల ఊపాడు. “ఆ మాటే లోపలికొచ్చి చెప్పమ్మా. నీకూ పరువు, నాకూ పరువు.”

లోపల మైకు ముందు నోరీన్ అదే మాట చెప్పింది. తన సర్వే లోపభూయిష్టమని తన నోటితోనే ఒప్పుకుంది. ఓటు పడింది. శరణాలయం పోయింది.

మెట్లు దిగుతుంటే మార్జ్ ఆమె చెయ్యి పట్టి ఆపింది. కళ్ళలో నీళ్ళు.

“లైన్లు తెగాయా? ఒక్క లైనైనా తెగిందా నోరీన్? ఫోనెత్తిన ప్రతి ఆవిడకీ ముందు మనం చెప్పిందేంటి? ‘కార్పెట్లు కడిగించే పని లేదండీ’ అని పెట్టేస్తే, మీరు భయపడే మనిషి గదిలోకి వచ్చాడని అర్థం చేసుకుంటామనే కదా!”