ఒళ్ళు పులకరించింది

ఆఫీసు మాటలకు ఉత్సాహం కలిపే పని ఫోన్లే నెత్తిన వేసుకున్నాక, హైమవతికి ఆ ఉత్సాహమంటేనే మొహం మొత్తింది. గోరుచిక్కుడు ఈనెలు తీస్తూ ఆమె "ఆఁ, చూశాను" అని గొణిగితే, అవతలివాళ్ళకి "అద్భుతమండీ! ఒళ్ళు పులకరించింది!" అని వెళ్ళేది. వాళ్ళ గొణుగుడూ ఇటు అలాగే వచ్చేది. అది ఫోను మాటేనని అందరికీ తెలుసు గనక ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ఆ సాయంత్రం ఆ ఏర్పాటు కాసేపు చెడిపోయింది. ఆమె రాత్రిళ్ళు మేలుకుని రాసిన కాలువల నివేదిక గురించి, పై అధికారి పరాంకుశంగారి కబురు ఉన్నదున్నట్టే వచ్చింది.

"ఏలేరు కాలువ సంగతి రెండుచోట్ల రాశారమ్మా. తూముల గొడవ మాత్రం బాగా పట్టుకున్నారు."

హైమవతి చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళకి ఒక మనిషి తను రాసింది చదివాడు.

"చదివారా అండీ! చాలా సంతోషం" అంది.

అప్పటికే ఫోను బాగుపడింది. "అద్భుతమండీ! ఒళ్ళు పులకరించింది!" అని వెళ్ళిపోయింది.

నిజంగానే పులకరించింది. ఆ సంగతి ఆయనకి ఎలా చెప్పాలో తోచక, ఆమె మళ్ళీ ఈనెలు తీయడం మొదలుపెట్టింది.