పిన్ని ఎగరేసిన పక్షులు

"ఏమ్మా, చూస్తూ నిలబడితే ఎలా? చెయ్యి ఊపు, చూద్దాం," అన్నాడు లెక్చరర్, మార్కుల కాగితం మోకాలి మీద పెట్టుకుని.

ఆ అమ్మాయికి చెయ్యి లేవలేదు. తెర మీద నలభై పక్షులు కరెంటు తీగ మీద వరుసగా కూర్చుని ఉన్నాయి. చెయ్యి ఎత్తితే అవి ఎగరాలి, దించితే వాలాలి, పక్కకి తిప్పితే గుంపంతా అటు తిరగాలి. కంప్యూటరు కెమెరా తన ముందున్న మనిషి చేతిని చూసి బొమ్మల్ని కదిలించేలా ప్రోగ్రాం రాయడమే పరీక్ష. తప్పితే ఏడాదంతా మళ్లీ చదవాలి.

ఇంట్లో ఆ పక్షులు ఎగిరిన పాపాన పోలేదు. ఒక్క బల్బున్న గదిలో వారం రోజులు చేతులు ఊపి ఊపి భుజాలు లాగేశాయి గానీ ఒక్క ఈక కదల్లేదు. చివరికి, కీబోర్డులో బాణం గుర్తులు నొక్కినా పక్షులు కదిలేలా నాలుగు వరుసలు అదనంగా రాసి, వైర్‌లెస్ కీబోర్డు తీసుకెళ్లి టైలరు పిన్ని చేతిలో పెట్టింది. ట్యూబులైట్లతో పట్టపగల్లా వెలిగే పరీక్ష హాలుకీ, పక్కనున్న సామాన్ల గదికీ మధ్య అడ్డం చెక్క గోడే. ఆ సందులోంచి చూస్తూ, ఇక్కడ చెయ్యి ఎటు కదిలితే అక్కడ ఆ గుర్తు నొక్కాలి.

"పాతికేళ్లుగా మిషను తొక్కుతున్నాను. నాలుగు బొత్తాలు నొక్కలేనటే?" అంది పిన్ని. ఆవిడకి ఇదంతా వేళాకోళంగానే ఉంది.

ఆ అమ్మాయి చెక్క గోడ వైపు ఓసారి చూసి, భారం దేవుడి మీద వేసి, చెయ్యెత్తింది.

నలభై పక్షులూ ఒక్కసారిగా లేచాయి.

హమ్మయ్య, అనుకుంది. చెయ్యి కుడికి తిప్పింది. గుంపు కుడికి తిరిగింది. కిందికి దించింది. ఒక్కొక్కటే వచ్చి తీగ మీద వాలాయి. ఇంట్లో ప్రాక్టీసు చేసినప్పుడల్లా ఒక క్షణం వెనకబడిన పిన్ని ఇవాళ చేతి వెంటే తిప్పుతోంది. ఎంతైనా సూదిలో దారం ఎక్కించే వేళ్లు! ఫెయిలవుతుందని పందెం కాసిన వెనక బెంచీ వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు మేడం లేచి ముందుకు వచ్చింది. పొద్దుట్నుంచీ ఎవరేం చూపించినా 'ఊఁ' తప్ప రెండో మాట అనని మనిషి.

"నేను ఊపినా ఎగురుతాయా?"

"ఎగురుతాయి మేడం," అంది ఆ అమ్మాయి, గోడ అవతలికి వినబడేంత గట్టిగా.

మేడం రెండు చేతులూ ఎత్తింది. పక్షులు లేచాయి. ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆపేసి, చేతులు దించేసి, ఒక చేతి రెండు వేళ్లు మాత్రం కాస్త పైకెత్తింది. తీగ మీది గుంపు జానెడు లేచి మళ్లీ వాలింది. పిన్ని నొక్కీ నొక్కనట్టు భలే నొక్కింది.

"మా అమ్మకి పక్షవాతం," అంది మేడం, తెర మీంచి చూపు తిప్పకుండా. "కదిలేవి ఈ రెండు వేళ్లే. రోజూ కాసేపు ఆడించమ్మా అంటే, ఎందుకే, ఎవరి కోసం, అంటుంది. ఇది నాకు ఇవాళే కాపీ చేసిస్తావా? సాయంత్రమే ఆవిడ మంచం ముందు పెడతాను."

ఆ అమ్మాయికి ఆ మంచం కళ్ల ముందు మెదిలింది. మంచం మీద ఆ పెద్దావిడ ఉన్న రెండు వేళ్లూ ఎత్తుతుంది. పక్షులు కదలవు. మళ్లీ ఎత్తుతుంది. తప్పు తన వేళ్లదే అనుకుంటుంది. మార్కుల కోసం తను ఆడిన నాటకం ఎంత దూరం పోయిందో తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇవ్వలేను మేడం."

"ఏం?"

"ఎగరేస్తున్నది నా ప్రోగ్రాం కాదు. మా పిన్ని. ఆ గోడ వెనక కూర్చుని కీబోర్డు నొక్కుతోంది. మోసం చేశాను. క్షమించండి."

 వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ అమ్మాయి చెవులు వేడెక్కి, తల నేలకి దిగిపోయింది. భూమి విడిపోతే బాగుండుననిపించింది. మేడం ఎత్తిన ఆ రెండు వేళ్లనీ గబుక్కున రెండో చేత్తో కప్పేసుకుంది. తిట్టినా ఇంత సిగ్గు వేసేది కాదు.

లెక్చరరు మార్కుల గడిలో గుండ్రంగా సున్నా చుట్టి, వెళ్లి చెక్క గోడ మీద దబదబా బాదాడు.

"అమ్మా, చేసిన ఘనకార్యం చాలు. బయటికి రండి!"

అలికిడి లేదు.

"వచ్చెయ్ పిన్నీ, అంతా చెప్పేశాను," అంది ఆ అమ్మాయి ఏడుస్తూ.

అప్పుడు తెరుచుకున్నది హాలు ముందు తలుపు. పిన్ని చెమటలు కక్కుకుంటూ, సంచీ గుండెకి అదుముకుని లోపలికి వచ్చింది. ఎవరినీ చూడకుండా తిన్నగా ఆ అమ్మాయి దగ్గరికి నడిచి, అందరికీ వినబడేలా గుసగుసలాడింది.

"గంట నుంచీ ఆ గేటాయన నన్ను కదలనివ్వలేదే తల్లీ, కీబోర్డు ఇంకా సంచీలోనే ఉంది. నీ పక్షులు ఎగిరే వేళ దాటిపోలేదు కదా?"