ఈ సైట్ సురక్షితం కాదు

ఫోను తెర మీద ఒక త్రిభుజం, అందులో ఆశ్చర్యార్థకం.

కింద రెండు బటన్లు. ‘వెనక్కి వెళ్లండి’ అన్నది పెద్దగా, నీలంగా ఉంది. ‘సైట్‌కు కొనసాగండి’ అన్నది ఉందా లేదా అన్నట్టుంది.

భీమారావు ఫోను బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

“నొక్కీండి,” అంది సింహాచలమ్మ.

“ఏటి రాసుందో సూసేవా?”

“కళ్లజోడు మీ ముక్కు మీదుంది. మీరే సదవండి.”

అతను అక్షరం అక్షరం చదివాడు. “ఈ సైట్ సురక్షితం కాదు. ఇందులో మీరు చూసేదాన్ని ఇతరులు చూడవచ్చు, మార్చవచ్చు.”

“సూస్తే సూడనీండి. పదిమందికీ సూపించడానికే కదా ఆ ఫొటో.”

కొడుకు బాలు పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి ఫొటో పెద్దది చేయించాలి.

ఇంట్లో ఉన్నవి చిన్నప్పటివి, తర్వాత గుర్తింపు కార్డులవి. కార్డుల్లో బాలు పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టిన మనిషిలా ఉంటాడు. అతని ఫోను అతనితోనే పోయింది.

నవ్వుతున్న ఫొటో ఒకటి ఉండేది. గుణుపురంలో చదివే రోజుల్లో కాలేజీ సైట్లో తనే ఒక పేజీ కట్టుకుని, సెలవులకొచ్చినప్పుడు తల్లికి చూపించాడు. పొట్టంగి కొండ మీద, మంచులో నిలబడి పెద్దగా నవ్వుతున్నాడు. పప్పు మాడుతోందని ఆవిడ సరిగా చూడకుండానే లేచి వెళ్లింది.

పొద్దున్న బాలు మెయిలుకి కాలేజీ నుంచి కబురొచ్చింది. ఆ మెయిలు ఇప్పటికీ భీమారావు ఫోన్లోనే తెరుచుకుంటుంది. పాత విద్యార్థుల పేజీలన్నీ ఈ సాయంత్రం తీసేస్తున్నారట. కావలసినవారు దాచుకోవాలట. కింద బాలు పేజీకి లింకు ఇచ్చారు.

పేజీ మరీ పాతది. ఇప్పటి రక్షణలేవీ దానికి లేవు. పక్కింటి గౌరీశంకర్ ఏదో లింకు నొక్కి పెన్షను డబ్బు పోగొట్టుకున్న రోజునే భీమారావు తన ఫోన్లో ఉన్న రక్షణలన్నీ ఆన్ చేసుకున్నాడు.

సింహాచలమ్మ వేలు చాచింది. అతను ఫోను తన వైపు లాక్కున్నాడు.

“అడ్డమొచ్చిందంటే ఆగమనే. ఆగాల.”

“ఎవుడిదో కాదు కదండీ, మన బాలుగాడి పేజీ. ఏటవుద్ది?”

అతను తలెత్తి చూశాడు.

“ఆ దినం కూడా ఎవుడో ‘ఏటవుద్దిలే’ అనుకునే తీసుంటాడు.”

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

కొరాపుట్ కొండల మీది టౌన్‌షిప్‌లో, ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌లో గడిచింది భీమారావు ఉద్యోగమంతా. మూత తెరిస్తే మిషను దానంతటదే ఆగిపోవాలి. ఆపే ఏర్పాటుని ఇంటర్‌లాక్ అంటారు. దాన్ని చూసుకోవడమే అతని పని.

బాలు చేరిన ఫ్యాక్టరీలో ఎవరో ఇంటర్‌లాక్ తీసేసి బెల్టు నడిపించారు. బాలు లోపలున్నాడు.

భీమారావు కాలేజీకి ఫోన్ చేశాడు. మెయిలు నిజంగా వాళ్లు పంపిందో కాదో తేల్చుకుందామని. ఎవరూ ఎత్తలేదు. కాసేపాగి మళ్లీ చేశాడు. మూడోసారి ఎత్తినవాడు ఒడియాలో, ఆఫీసు మూసే వేళయిందని చెప్పి పెట్టేశాడు.

రాయగడ స్టేషన్ వైపు నుంచి గూడ్సు బండి కూత వినిపించింది. వాన మొదలైంది.

సింహాచలమ్మ టీ తెచ్చి ముందు పెట్టింది. ఈసారి ఫోను వైపు చూడలేదు.

“మీ ప్లాంటులో ఎప్పుడూ తియ్యనే తియ్యలేదేటండీ?”

“ఏటి?”

“అదే, మీ ఇంటర్‌లాకు.”

“తీసేవోళ్లం. రిపేరొస్తే తియ్యకేం సేస్తాం? దానికో పద్ధతుంది.”

“ఏటా పద్ధతి?”

“ఇద్దరుండాల. ఒకడు పైకి సెప్పాల, రెండోవోడు అదే మాట తిరిగి సెప్పాల. అప్పుడే సెయ్యెట్టాల.”

“ఇద్దరం ఉన్నాం కదా,” అంది సింహాచలమ్మ.

టీ మీద మీగడ కట్టింది.

అతను కళ్లజోడు తుడుచుకుని ఫోను తీశాడు. ‘కొనసాగండి’ నొక్కలేదు; తియ్యాలంటే పద్ధతిగా, మీట దగ్గరే తియ్యాలి. సెట్టింగులు. గోప్యత, భద్రత. కిందికి జరిపాడు. సురక్షితమైన కనెక్షన్లే వాడాలి అన్న చోట చిన్న నీలం మీట ఉంది.

“రక్షణ ఆపుతున్నాను.”

“ఆపుతున్నారు.”

“ఆపేను.”

“ఆపేరు.”

మీట బూడిదరంగుకి మారింది.

భీమారావు లింకు మళ్లీ నొక్కాడు. త్రిభుజం రాలేదు. ముదురాకుపచ్చ పేజీ తెరుచుకుంది. పైన ఇంగ్లీషులో బాలు పేరు, అక్షరాలకి నీడలు పెట్టి ఉన్నాయి.

ఫొటో పైనుంచి కొంచెం కొంచెంగా దిగుతోంది.

ఆకాశం. మంచు. పొట్టంగి కొండ అంచు.

గాలికి లేచిన జుత్తు.

“ఆడే,” అంది సింహాచలమ్మ.

నుదురు. కనుబొమలు. సగం మూసుకుపోయిన కళ్లు.

అక్కడ ఆగింది.

చిన్న చక్రం ఒకటి తిరిగి తిరిగి, మాయమైంది. సర్వర్ స్పందించడం లేదని పక్కన ఒక వాక్యం వచ్చింది.

భీమారావు వేలు పేజీని మళ్లీ తెరిచే గుర్తు దాకా వెళ్లి నిలిచిపోయింది. తెరిస్తే, ఉన్నదీ పోవచ్చు. ఫోను పక్కనున్న రెండు బటన్లు కలిపి నొక్కి, తెర మీద ఉన్నంత మేరకు ఫొటో తీసుకున్నాడు.

“నవ్వుతున్నాడు కదండీ?”

“ఊఁ.”

ఆవిడ కుర్చీ దగ్గరకి జరుపుకుంది.

“ఇంకాస్త కిందికి లాగండి.”

లాగాడు. తెల్లగా ఉంది.

మళ్లీ లాగాడు.