తోడు గిన్నె

ఆస్పత్రిలో క్యాన్సర్‌కి కరెంటు పెట్టించుకుని వర్ధనమ్మ ఇంటికొచ్చేసరికి వంటిల్లు తన తలుపు తనే బిగించుకుని కూర్చుంది. గడపలో అడుగుపెట్టగానే మనిషి ఒంట్లో రక్తం సంగతి కనిపెట్టేసి, ఏది తినాలో ఏది ముట్టకూడదో తేల్చేసే వంటిళ్లు ఇప్పుడు ఊరంతా ఉన్నాయి.

“మీ తెల్ల రక్తకణాలు బాగా పడిపోయాయండీ. పెరుగులో బతికున్న క్రిములున్నాయి, పారబోసేస్తాను,” అంది వంటిల్లు, మెత్తగా.

వర్ధనమ్మకి ఒళ్లు మండింది. అది అత్తగారి నాటి తోడు. అందరూ డబ్బాల్లో చచ్చిన పెరుగు కొనుక్కుంటున్న రోజుల్లో, ఆ అపార్టుమెంటు మొత్తానికి మిగిలిన తోడు అదొక్కటే.

“నేను తిననులే, డాక్టరు వద్దన్నాడు. ఎదురింటి కైరున్ వచ్చి పట్టుకెళ్తుంది. పారబోశావంటే నీ వైర్లు పీకేస్తాను!”

“అడుగున ఒక్క స్పూనే ఉందండీ. దానికోసం ఇంత గొడవెందుకు?”

“ఆ స్పూను చాలు. గోరువెచ్చటి పాలల్లో వేస్తే తెల్లారేసరికి గిన్నెడవుతుంది. నా ఒంట్లో కణాలూ అంతే. కాసినైనా మిగిలాయా లేదా, అది చెప్పు.”

వంటిల్లు మళ్లీ లెక్క చూసింది. “మిగిలాయండీ, కాసిని.”

“మరింకేం! కైరున్‌కి తలుపు తియ్. నేనూ తోడుకుంటాను.”