ఏడక్షరాల్లో ఇచ్చిన మాట

“ఇది మోసం కాదుటే?” అంది తల్లి, కళ్ళజోడు సవరించుకుంటూ.

“మోసమే. కానీ ఈ ఆటలో నాన్న చేసినంత కాదు. నాన్నయితే లేని మాటలు పుట్టించి దబాయించేవాడు. ఇది ఉన్న మాటలే ఇస్తుంది.” కూతురు ఫోను చేతికందించింది. “ఈ గడిలో ఆ ఏడక్షరాలూ కొట్టు. వాటితో వచ్చే ఇంగ్లీషు మాటలన్నీ అదే కక్కుతుంది.”

పూర్వం అవధానులు సభలో ఇచ్చిన అక్షరాలను పద్యంలో ఇమిడ్చేందుకు సరస్వతిని ఉపాసించేవారట. ఈమె ఉపాసించినది ఒక వెబ్‌సైటును. అయినా దేవి చిన్నచూపు చూడలేదు. రెప్పపాటులో చాంతాడంత పదమాల కురిపించింది. తల్లికి ఇంగ్లీషు అక్షరాలన్నీ వచ్చును, కలిపి చదవడమే రాదు. భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో, కళ్ళు పరీక్షించే అక్షరాల పటానికి దుమ్ము దులుపుతూ గడించిన పాండిత్యం అది. కంటికి నదరుగా కనిపించిన మాటనొకదాన్ని ఏరి, భర్త పేరుమీద పంపింది. ఆయన పోయి అప్పటికి రెండు రోజులు.

ఆ మహాసంగ్రామం ఆసుపత్రిలో ఆరంభమైంది. పక్కపక్క కుర్చీల్లో, చెరొక సీసాలోని మందు చుక్కచుక్కగా నరాల్లోకి దిగుతుండగా, ఇద్దరు రోగిష్ఠి వీరులు ఫోన్లలో శంఖాలు పూరించారు. పూటకు ఏడక్షరాలు, పొడుగుమాట కూర్చినవాడిదే విజయం. రిటైరైన స్టేషన్‌మాస్టరు ‘ట్రైన్’ అని పచ్చజెండా ఊపితే, ఆ అక్షరాలకే మరొకటి తగిలించి ‘రెటీనా’ అని కళ్ళజోళ్ళాయన అడ్డుపడేవాడు. ఇళ్ళకు చేరాక కూడా ప్రతి ఉదయం యుద్ధం సాగింది.

“ఒరేయ్, ఏ పొద్దునో నీ మాట రాలేదనుకో?” అని స్టేషన్‌మాస్టరు ఆసుపత్రి కుర్చీలోంచి అడిగాడొకనాడు.

“నా బండి వెళ్ళిపోయిందనుకో.”

“అయితే నీ వెనకే నాదీ!”

ఇద్దరూ పగలబడి నవ్వారు. నర్సు కసిరింది. పక్కనున్న కళ్ళజోళ్ళాయన భార్య మాత్రం నవ్వలేదు.

ఆఖరి రోజుల్లో భర్త ఆమెను దగ్గరకు పిలిచాడు. “వాడు వట్టి పిరికి సన్నాసే. నా మాట ఆగిందా, బెంగతోనే పోతాడు. నువ్వు పంపుతూ ఉండు.”

“నాకేం వచ్చని?”

“నాకు మాత్రం ఏమొచ్చేడిసింది?”

ఆమె మాటిచ్చింది.

భర్త పోయాక మంచానికి అతుక్కుపోవలసిన మనిషి, ఆ మాట పంపడానికని లేచేది. లేచింది గనక ముఖం కడుక్కునేది. కడుక్కుంది గనక పొయ్యి వెలిగించేది. అవతలినుంచి జవాబు వచ్చాకే కాఫీ గొంతు దిగేది. ఒక ప్రాణాన్ని నిలబెడుతున్నానన్న గర్వం, పాపం, ఆమెకు కొంచెం ఉండేది. అంత దుఃఖంలో ఆ మాత్రం ఉండనివ్వాలి.

వేసవి గడిచింది. వానలు వచ్చాయి. ఒక ఉదయం జవాబు రాలేదు.

మధ్యాహ్నమైనా రాలేదు. కాఫీ తొరక కట్టింది.

“ఆలస్యమయిందేమోలే అమ్మా,” అంది కూతురు.

“ఆయన స్టేషన్‌మాస్టరే! ఒక్కనాడూ ఆలస్యం లేదు.”

“బళ్ళు ఆలస్యం కాని స్టేషను ఎక్కడుంది?”

తల్లి అప్పటికే చెప్పులేసుకుంటోంది.

“వెళ్ళి ఏం చెబుతావు?”

“బతికుంటే నిజం చెప్పి చేతులు పట్టుకుంటాను. ఇంక దాచలేను.”

“లేకపోతే?”

“లేకపోతే... మీ నాన్నకేం చెప్పనే?”

స్టేషను వెనకవీధిలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. తలుపు తీసినామె నడివయసు దాటిన మనిషి. ముంజేతికి తడి, గుప్పిట్లో ఫోను.

“స్టేషన్‌మాస్టరుగారు...”

“ఆసుపత్రినుంచి వచ్చారా అమ్మా?”

ఆ పరిచయం ఆసుపత్రిదే గనక ఆమె తలూపింది.

“మావారు పోయారమ్మా. వానలు పడకముందే.”

వచ్చినామె గుమ్మం పట్టుకుంది. వానలు పడ్డాక కూడా ప్రతి పొద్దునా జవాబు వచ్చింది కదా! “మరి... రోజూ ఆ ఆట...” అన్న మాట నోరుజారింది.

“ఆట సంగతి మీకూ చెప్పారా? ఆయన పేరుతో నేనే ఆడుతున్నాను. నాకేం వచ్చు, ఏదో సైటులో చూసి కొడతాను. పొద్దుటినుంచి మా ఇంటికి కరెంటు లేక ఫోను చచ్చిపోయింది. ఇప్పుడే పక్కింట్లో చార్జింగు పెట్టి తెచ్చాను. ఒక్క నిమిషం కూర్చోండమ్మా, ఈ మాట పంపేస్తాను. అవతల ఎంత కంగారు పడుతోందో ఆ మహాతల్లి!”

“ఏ... ఏ తల్లి?”

“ఆ కళ్ళజోళ్ళాయన భార్య. ఆయన పోయిన సంగతి మావారికి ఆ వారమే నర్సు చెప్పింది. పోయినవాడి దగ్గర్నుంచి మాటలు వస్తూనే ఉంటే మావారు ఏడుస్తూనే నవ్వారు. ‘ఈ ఒక్క పనికోసం లేస్తోంది ఆవిడ, నేనెలా ఆపను?’ అని, కూర్చోలేని రోజుల్లో కూడా పడుకునే ఆడారు.”

ఆ ఇల్లాలు కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఫోనులో అక్షరాలు నొక్కడం మొదలుపెట్టింది.

“ఆవిడకి మాత్రం తెలియనివ్వొద్దన్నారమ్మా, పోతూ పోతూ.”