కరెంటు మసకబారినప్పుడల్లా

అక్షరాలు యాభై ఏళ్లు దాటాక దిద్దాను. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. నా రాత నిదానం, అందుకే కథ కూడా చిన్నదే.

మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో తస్లీమ్ వెనక ఒకతను కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

పేరు కృష్ణచైతన్య అన్నాడు. సత్తెనపల్లి నుంచి బస్సులో వచ్చాడట. కంప్యూటరు మాటిమాటికీ ఆగిపోతోందని తెలిసి చూద్దామని వచ్చాడట.

ఆ కంప్యూటరు పెట్టిన కంపెనీ వాళ్లు ఇన్నాళ్లకు మనిషిని పంపారనుకుంది తస్లీమ్.

ఆ కంప్యూటరులో బొమ్మలుండవు, మౌసుతో పనుండదు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. రైతు పేరూ, తెచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎన్నో కొట్టి ఎంటర్ నొక్కితే చీటీ వస్తుంది. తెర బిగుసుకుందంటే ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీదికి బారులు తీరతాయి.

తస్లీమ్ చేరి నెల కాలేదు. ఆమె వచ్చాకే ఈ జబ్బు మొదలైంది. ఇంకొక్కసారి ఆగితే రేపటి నుంచి రానక్కర్లేదని మేనేజరు కిరణ్ కుమార్ పొద్దున్నే చెప్పేశాడు. ఇల్లు గడిచేది ఆమె జీతం మీదే. అందుకే ఆగినప్పుడల్లా కంపెనీకి ఫోన్ చేసి, తప్పు మీ సిస్టమ్‌దేనని గట్టిగా ఫిర్యాదు చేస్తూ వచ్చింది.

వచ్చినతను కంప్యూటరు ముట్టుకోలేదు. ఊరికే కూర్చున్నాడు.

“ఏంది తమ్ముడూ, దాన్ని చూడకుండా నన్ను చూస్తన్నావు?”

“నీ చేతులు చూస్తన్నానక్కా.”

ఇంతలో చలిగదుల కంప్రెసర్ మొదలైంది. లైట్లు ఒక్క క్షణం మసకబారాయి.

తెర ఆగిపోయింది.

కరెంటు ఊగితే చాలు ఇదే వరస అని, ఈ రోజుతో తన ఉద్యోగం అయిపోయిందని చెప్పింది తస్లీమ్.

అతను తొందరపడలేదు. ఇంతకుముందు ఎక్కడ చేశావని అడిగాడు.

ప్రెస్సులో, పెళ్లికార్డులు కొట్టేదాన్నని చెప్పింది.

“అక్కడ కరెంటు పోతే?”

“కొట్టిందంతా గాల్లో కలిసేది. అందుకే లైటు మసకబారగానే సేవ్...”

మాట మధ్యలోనే ఆగింది. తన ఎడమచేతి వంక చూసుకుంది. వేళ్లు ఇంకా కంట్రోల్ మీద, ఎస్ మీద ఉన్నాయి.

ఈ నల్ల తెరలో ఆ రెండూ కలిపి నొక్కితే సేవ్ అవదనీ, అక్షరాలు రావడం ఆగిపోతుందనీ అతను నెమ్మదిగా చెప్పాడు.

“ఆగమన్నావు, ఆగింది. ఇప్పుడు ఎస్ బదులు క్యూ నొక్కు.”

నొక్కింది. లోపల చిక్కుకున్న అక్షరాలన్నీ బిలబిలమంటూ తెర మీదికి వచ్చాయి. వెనకే చీటీ వచ్చింది.

ఇన్నేళ్ల అలవాటు చేతికి ఎట్టా పోతుందిలే అంటూ, అతను ముందుకు వంగి కంప్యూటరుకు ఒక్క వరస ఆదేశం కొట్టాడు. ఇక ఆ బటన్లు నొక్కినా తెర ఆగదు.

అప్పుడే కిరణ్ కుమార్ లోపలికి వచ్చాడు. మళ్లీ ఆగిందని బయట చెప్పారట. తప్పెవరిదో ఇప్పుడే తేలాలన్నాడు.



కృష్ణచైతన్య లేచి నిలబడ్డాడు.

“మా వైపు తప్పేనండీ. సరిచేశాను.”

మేనేజరు ఊరుకోలేదు. నడిరోడ్డు మీద రైతులను ఎండబెట్టారని దులిపేశాడు.

“ఇట్టాంటి పనికి జీతాలెట్టా తీసుకుంటారయ్యా?”

అతను తల వంచుకుని విన్నాడు.

తప్పు తనదని తస్లీమ్ బయటపెట్టలేదు.

అతను వెళ్లిపోతుంటే గేటు దాకా వెంటపడింది.

“నా తప్పు నీ మీద ఎందుకేసుకున్నావు తమ్ముడూ?”

“నాదా కాదా అని తెలుసుకుందామనే వచ్చానక్కా. తెలిసింది, చాలు.”

సత్తెనపల్లి బస్సు వస్తే ఎక్కేశాడు.

రాత్రంతా తస్లీమ్‌కు మనసు నిలవలేదు. మర్నాడు కంపెనీకి ఫోన్ చేసింది. ఈసారి ఫిర్యాదు కాదంది. నిన్న వచ్చిన కృష్ణచైతన్య చానా మంచోడని, ఆ మాట మీ పెద్దసారుకు చెప్పమని అడిగింది.

అవతలి అమ్మాయి ఆ పేరు మళ్లీ అడిగింది.

“మేమెవర్నీ పంపలేదు మేడమ్. మీ ఫిర్యాదులు ఎక్కువయ్యాయని, ఆ సిస్టమ్ తయారుచేసిన ఆయన్ను పోయిన వారమే ఉద్యోగంలోంచి తీసేశారు.”

— యల్లమంద గురవమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉండేది నరసరావుపేట, బరంపేట.