ఏడో నంబరు మామ్మ

"ముట్టుకునే ముందు పేషెంటుని అడగాలి. అది మన మంచితనం కాదు, వాళ్ళ హక్కు. రాసుకోండి," అంటూనే పెద్ద డాక్టరు ఏడో నంబరు మంచం మీది దుప్పటి లాగేశారు.

చుట్టూ మూగిన ఆరుగురు మెడికల్ విద్యార్థులూ బుద్ధిగా రాసుకున్నారు.

మంచం మీది మామ్మ దుప్పటిని మళ్ళీ గడ్డం దాకా లాక్కుంది.

"పాఠం బాగుంది నాయనా. మరి నన్నెవరూ అడగలేదేం?"

ఆరు పెన్నులూ ఆగిపోయాయి. ఒకమ్మాయి నవ్వు ఆపుకోలేక దగ్గింది.

డాక్టరు గారు అందర్నీ వెనక్కి జరిపి, మంచం చుట్టూ తెర లాగి, బయట నిలబడి గొంతు సవరించుకున్నారు.

"మామ్మగారూ, మీ కడుపు చూడొచ్చా? ఈ పిల్లలు కూడా చూస్తారు."

"ఇప్పుడు కాదు. జడ వేసుకుంటున్నాను."

ఆరుగురూ బిక్కుబిక్కుమంటూ సారు వంక చూశారు. ఎవరి కోసమూ నిమిషం ఆగి ఎరగని మనిషి, చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నారు.

"ఎంతసేపు పడుతుంది సార్?" దగ్గిన అమ్మాయి గుసగుసగా అడిగింది.

"నాలుగు రోజుల్నించీ ఆవిడ కడుపే చూస్తున్నాను. జడెంత పొడుగో నాకేం తెలుసమ్మా?"